దయ్యం గొంతు తగ్గించిన మ్యాట్నీ

ఆ రోజుల్లో ప్రపంచంలోని ప్రతి కష్టానికీ ఒక పట్టిక గీయొచ్చని నేను గట్టిగా నమ్మేవాణ్ని. పాలిటెక్నిక్‌లో మూడేళ్లు ఎలక్ట్రానిక్స్ చదివితే నాకు నిజంగా అబ్బిన విద్య అదొక్కటే. ఏ యంత్రం చెడిపోయినా ముందు కాగితం తీసి, స్కేలు పెట్టి నిలువు గీతలు గీసి, లక్షణం, కారణం, చర్య అని మూడు గడులు చేసేవాణ్ని. (యంత్రం బాగయ్యేదా అని అడగకండి. పట్టిక మాత్రం చూడముచ్చటగా వచ్చేది.) ఇరవై ఒకటో ఏట నిజామాబాద్‌లో ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేరాక ఈ జబ్బు మరీ ముదిరింది. ఎందుకంటే అక్కడ అన్నం పెట్టేదే గడియారం. ఇప్పుడా ఉద్యోగం లేదు. రుద్రూర్ చుట్టుపక్కల చేలల్లో సోలార్ మోటార్లు బిగిస్తూ తిరుగుతున్నాను. కానీ ఎవరైనా దయ్యాల సినిమా మాటెత్తితే నాకు దయ్యం గుర్తుకు రాదు. మ్యాట్నీ మధ్యలో ఏడు నెలల కడుపుతో లేచి నిలబడి, ప్రొజెక్టర్ గది కిటికీ వైపు వేలు చూపించిన మా అక్క గుర్తుకొస్తుంది.

మాది ఎడపల్లి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ బాపు అందులో సీజన్ ఫిట్టరు. అది మూతపడ్డాక ఎకరంన్నర వరి. అవ్వ బీడీలు చుడుతుంది. అక్క నాకన్నా నాలుగేళ్లు పెద్ద. పెళ్లయి వేల్పూర్ పోయింది, బావది పసుపు సేద్యం. మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చిన అక్క, ఎనిమిదో నెలలో ఒక పొద్దున బిడ్డ కదలడం లేదంది. నిజామాబాద్ తీసుకుపోయాం. ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. ఏడవలేదు. అక్క ఇంకా మత్తులో ఉండగానే పెద్దవాళ్లు ఒక మాట అనుకున్నారు. తల్లికి చూపించొద్దు. మా వైపు అలాగే చేస్తారు. చూస్తే మనసులో పడుతుందని, పడితే వచ్చే కాన్పుకు మంచిది కాదని. "సూపియ్యకుండ్రి. మొఖం యాదికుంటే దాన్ని బత్కనియ్యది" అంది అవ్వ. బావ గోడ వైపు తిరిగి నిలబడిపోయాడు. నర్సు తెల్లగుడ్డలో చుట్టి తెచ్చిన మూటను ఎవరు అందుకోవాలో తేలక, చివరికి నా చేతుల్లో పెట్టారు. ఎడపల్లి దాకా ఆటోలో అది నా ఒళ్లోనే వచ్చింది. నిజాంసాగర్ కాలువ గట్టుకు అవతల బాపు, బావ గుంత తవ్వారు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్క కళ్లు తడిస్తే చాలు, అవ్వ "ఊకో బిడ్డా, పచ్చి ఒళ్లు" అనేది. కొన్నాళ్లకు "ఊకో, దీపం పెట్టే యాల్ల" అనేది. రెండోసారి నెల తప్పాక "ఊకో, పొట్టల పిల్ల ఇంటది" అనడం మొదలుపెట్టింది. ఏడవడానికి మంచి సమయం మా ఇంట్లో ఒక్కటీ దొరకలేదు. మూట నా ఒళ్లో వచ్చిందన్న సంగతి అక్కకు తెలుసు. అందుకే అన్నం పళ్లెం ఇచ్చేటప్పుడు ఒక్కోసారి వెంటనే వదిలేది కాదు. పళ్లానికి ఒక అంచున ఆమె, ఇంకో అంచున నేను. ఆమె ఏం అడగబోతోందో నాకు తెలుసు. ఆ క్షణంలో ఫోన్ మోగినట్టు జేబు తడుముకోవడంలో నేను రెండేళ్లలో బాగా ఆరితేరాను.

ఏడో నెలతో అక్క మళ్లీ పుట్టింటికి వచ్చిన వారమే మా హాల్లో ఆ సినిమా పడింది. కడుపుతో ఉన్న ఒక అమ్మాయి భర్తతో కలిసి పాత బంగళాలో దిగుతుంది. ఉయ్యాల దానంతటదే ఊగుతుంది. అద్దంలో ఇంకెవరో జుట్టు దువ్వుకుంటారు. వంటింట్లోంచి జోలపాట వినపడితే కడుపులో బిడ్డ తన్నుతుంది. అమ్మాయి ఏం చెప్పినా భర్త, అత్త, డాక్టరు ముగ్గురూ "నీరసం వల్ల అలా అనిపిస్తుంది" అని మాత్రలు మింగిస్తారు. చివర్లో తెలిసేదేమిటంటే, ఆ దయ్యం ఎప్పుడో ఆ ఇంట్లోనే కాన్పులో పోయిన తల్లి. కళ్లు తెరిచేలోగా బిడ్డను తీసుకుపోయారట. అది ఎవర్నీ చంపడానికి రాలేదు, బిడ్డ మొహం చూసుకోవడానికి తిరుగుతోంది. మా మేనేజరు హాలు ముందు "గర్భిణులు, గుండె జబ్బులున్నవారు ఈ చిత్రం చూడరాదు" అని నిలువెత్తు బోర్డు పెట్టించాడు. దాని చుట్టూ ఎర్ర బల్బుల తోరణం బిగించింది నేనే. బోర్డు పెట్టిన రోజు నుంచి ఆడవాళ్ల టికెట్లు పెరిగాయి. రోజుకు నాలుగాటలు, మొదటి వారానికే ఇరవై ఎనిమిది సార్లు చూశాను. దయ్యం నాకు తోటి ఉద్యోగిలా అయిపోయింది. టైముకు వచ్చేది, సెలవు పెట్టేది కాదు. (ఆ వారం హాలు ఊడ్చినప్పుడు సీట్ల కింద దొరికినవి: వేపమండలు పదకొండు, నిమ్మకాయలు ఆరు, ఇనుప మేకులు నాలుగు, తాయెత్తు ఒకటి, పాప్‌కార్న్ లెక్కలేనంత.)

సినిమా కథ బీడీల ఆడవాళ్ల నోళ్లలో నలుగుతూ నాలుగు రోజుల్లోనే మా వాకిట్లోకి వచ్చేసింది. అవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తంబాకు దుమ్ము తగలకూడదని అక్క అల్లంత దూరాన గడపలో కూర్చుంది. నేను డ్యూటీకి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను.

"తమ్మీ, నీ టాకీసుల దయ్యం సినిమ నాకు సూపియ్యి" అంది అక్క, ఉప్పు అందించు అన్నంత మామూలుగా.

అవ్వ చేతిలో బీడీ ఆగింది. "ఏమో కూస్తున్నవ్? గిరాణం సూడొద్దు, బొప్పాయి తినొద్దు, పీనుగ పోతుంటే బయిట నిలవడొద్దు, సింతచెట్టు కింద నడ్వొద్దు అని నేను మొత్తుకుంటుంటే, ఇది పైసలిచ్చి దయ్యాన్ని సూస్తదట!"

"పైసలెందుకే? తమ్మునిది ఫ్రీ పాసు."

"ఫ్రీగ వచ్చే దయ్యం అసలే వద్దు" అని అవ్వ తేల్చేసింది.

వీధి మలుపు దాకా అక్క నా వెంట వచ్చింది. "తమ్మీ, గా దయ్యం పిల్లను సూస్తదట గదా ఆఖరుకు? ఒక్కసారి గది సూడాలె. ఇంకేమద్దు నాకు." ఆమె అడుగుతున్నది సినిమా గురించేనని నేను నా మనసుకు నచ్చజెప్పుకున్నాను. సరేనన్నాను. అయితే ఒప్పుకున్న క్షణం నుంచి నాకు చెమటలు. హాల్లో దయ్యం ఒక్కసారిగా కేక పెడితే, అక్క ఉలిక్కిపడితే, కడుపులో బిడ్డకు ఏమన్నా అయితే? మళ్లీ ఆటో, మళ్లీ తెల్లగుడ్డ. ఆ ఆలోచన వచ్చినప్పుడు నాకు తెలిసిన విద్య ఒక్కటే కదా, కాగితం తీశాను.

అలాంటి పట్టిక నేను అంతకు ముందు గానీ తర్వాత గానీ గీయలేదు. ప్రతి ఆటలోనూ కిటికీ పక్కన ఫోన్ పెట్టి, జనం ఎక్కడ ఎంత గట్టిగా అరుస్తున్నారో యాప్‌తో కొలిచాను. భయాలు మొత్తం ముప్పై ఒకటి. మొదటి గడిలో నిమిషం, సెకను. రెండో గడిలో భయం పేరు ("అద్దం", "ఉయ్యాల", "పాలగ్లాసులో వెంట్రుక"). మూడో గడిలో తీవ్రత పదికి ఎంతో. నాలుగో గడిలో చర్య. మా హాల్లో సౌండ్ యంత్రానికి ఒక గుండ్రటి మీట ఉంటుంది, మామూలుగా ఆరు మీద పెట్టి నడుపుతాం. ప్రతి భయానికీ రెండు సెకన్ల ముందు దాన్ని మూడున్నరకు తిప్పాలి, భయం అయిపోగానే మళ్లీ ఆరుకు తేవాలి. ముప్పై ఒకటో భయం మాత్రం వేరు. అది కాన్పు ఘట్టం, ఆరు నిమిషాల నలభై సెకన్లు. అదే చివరిది, దయ్యం బిడ్డను చూసేది అందులోనే. దాని ఎదురుగా నాలుగో గడిలో "తీసేయాలి" అని రాసి కింద రెండు గీతలు గీశాను. అక్క ఏ ఘట్టం కోసం వస్తానందో అదే తీసేయాలని రాస్తున్నానన్న స్పృహ నాకు లేకపోలేదు. ఉంది. అందుకే రెండు గీతలు.

బుధవారం అక్కకు నిజామాబాద్‌లో స్కానింగు. వేల్పూర్‌లో పసుపు ఉడకబెట్టే రోజులు కాబట్టి బావకు కుదర్లేదు, తోడు నన్ను పొమ్మన్నారు. డాక్టరమ్మ కడుపు మీద యంత్రం ఆనించి చూస్తుంటే అక్క మూడుసార్లు అడిగింది, "కదుల్తున్నది గద మేడం?" అని. మూడోసారి డాక్టరమ్మ నవ్వి, "నీ బిడ్డ నా చేతిని గూడ తంతున్నదమ్మా, పో, మంచిగ తిను" అంది. అక్క నవ్వలేదు. బయటికొచ్చాక బెంచీ మీద కూర్చుని, "అది గూడ గిట్లనే తన్నేది" అంది. నేను జేబు తడుముకున్నాను. తర్వాత అవ్వకు ఫోన్ చేసి, డాక్టరమ్మ సాయంత్రం గానీ రాదట అని చెప్పాను.

హాలు గేటు దగ్గర టికెట్లు చింపే అన్న అక్క కడుపు చూసి గాభరా పడ్డాడు. "అమ్మా, బోర్డు సూడలేదా? గర్భిణులు సూడొద్దని ఇంత పెద్దగ రాసిండ్రు."

"నాకు సదువు రాదన్నా" అంది అక్క. (పదో తరగతిలో మండలం ఫస్టు.)

బాల్కనీలో దారి పక్క సీటు, బాత్రూముకు పద్నాలుగు అడుగులు, ప్రొజెక్టర్ గది కిటికీలోంచి సూటిగా కనిపించే చోటు. అంతా పట్టిక ప్రకారమే. మా పెద్ద ఆపరేటర్‌ను అందరూ కార్బన్ తాత అనేవారు. ప్రొజెక్టర్లలో కార్బన్ కడ్డీలు మండించే కాలం నుంచి ఆ గదిలోనే ఉన్నాడు. "తాతా, ఇయ్యాల మ్యాట్నీ నేను సూస్కుంట, నువ్వు చాయ్ తాగిరా" అన్నాను. చేరిన నాటి నుంచి నేను ఎన్నడూ ఆ మాట అనలేదు కాబట్టి తాత నన్ను కిందికీ మీదికీ చూసి, "ఏమో గడ్‌బడ్ జేస్తున్నవ్ నువ్వు" అని పోయాడు.

తొమ్మిదో నిమిషంలో అద్దం. మీట మూడున్నరకు తిప్పాను. దయ్యం నోరు తెరిచింది, పాపం, దాని గొంతు పక్కింటి రేడియోలా వినిపించింది. జనం నోరెళ్లబెట్టారు. భయం అయిపోగానే చెయ్యి తడబడి మీటను ఏడున్నర దాకా తిప్పేశాను. సరిగ్గా అప్పుడు సినిమాలో అత్త వచ్చి "కాఫీ తాగుతావా అమ్మా?" అంది. హాలంతా ఎగిరిపడింది. ముందు వరసలో ఒక చంటివాడు గుక్కపెట్టి ఏడ్చాడు. ఇంటర్వెల్ దాకా అదే తంతు. దయ్యం వచ్చినప్పుడు నిశ్శబ్దం, డాక్టరు "ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడిగితే ఉరుము. "ఓ ఆపరేటరూ, నిద్రవోయినవారా!" అని ఒకడు, "దయ్యానికి సర్ది పట్టిందిరా, మాట్లాడ్తలేదు!" అని ఇంకొకడు. ఒక పెద్దాయన లేచి, "ముందు గా అత్తను ఊకోమను సారూ, గుండెలదురుతున్నయ్" అని దండం పెట్టాడు. నేను మాత్రం పద్నాలుగు భయాలు పూర్తయ్యాయని పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ, చాలా బాగా చేస్తున్నాననుకున్నాను.

ఇంటర్వెల్‌లో వేడి పాలు తీసుకుని పోతే అక్క గ్లాసు అందుకోలేదు. "సౌండ్ నువ్వే తగ్గిస్తున్నవ్ గదా?"

"స్పీకర్ల లూజ్ కనెక్షన్ ఉన్నదక్కా."

"నాకాడ నకరాలు జెయ్యకు. దయ్యం వచ్చినప్పుడే లూజ్ అయితదా?" అని తెర వైపు చూసింది. తెర మీద చీరల దుకాణం ప్రకటన వస్తోంది. "ఇంట్ల ఏడిస్తె అవ్వ ఊకోమంటది. అత్తగారింట్ల ఏడిస్తె అశుభమంటరు. ఈడ సీకటుంటది, మంది గూడ ఒర్లుతుంటరు, నేను ఎందుకు ఏడుస్తున్నన్నో ఎవలడుగుతరు? అనుకోని వచ్చిన. ఈడ గూడ నువ్వు ఏడ్వనిస్తలేవు."

నా దగ్గర దానికి గడి లేదు. పాలగ్లాసు సీటు చేతి మీద పెట్టి పైకి పరుగెత్తాను. రెండో సగంలో మీట ముట్టుకోలేదు. దయ్యానికి గొంతు తిరిగొచ్చింది, జనం చప్పట్లు కొట్టారు. అక్క అందరితో పాటు అరవడం కిటికీలోంచి చూశాను. అరిచిన ప్రతిసారీ ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకునేది. పక్క సీటులోని ఎవరో పెద్దావిడ "భయపడకు బిడ్డా, సినిమనే గది" అంటున్నట్టు అక్క భుజం నిమురుతోంది. అయినా ముప్పై ఒకటో నంబరు దగ్గరికి వచ్చేసరికి నా ధైర్యం చాలలేదు. తెర మీద ఆ అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. నర్సు చేతిలో తెల్లగుడ్డ కనిపించింది. అంతే. యంత్రంలో సినిమాను ఆరు నిమిషాల నలభై సెకన్లు ముందుకు జరిపేశాను.

తెర నల్లగా అయింది. నాలుగు సెకన్ల తర్వాత బొమ్మ వస్తే, ఆ అమ్మాయి పట్టుచీర కట్టుకుని ఉయ్యాల ఊపుతోంది, చుట్టూ ముత్తయిదువలు, సన్నాయి. దయ్యం ఏమైందో ఎవరికీ తెలియదు. మరుక్షణం హాలు పైకప్పు లేచిపోయింది. "దయ్యమేదిరా?" "అరే, కాన్పు ఎప్పుడైందిరా?" నేను కిటికీ అద్దానికి ముక్కు ఆనించి అక్క కోసం చూశాను. ఆమె లేచి నిలబడింది. సీటు వీపు పట్టుకుని, నెమ్మదిగా వెనక్కి తిరిగి, సూటిగా నా కిటికీ వైపు వేలు చూపించి, నేనెన్నడూ వినని గొంతుతో కేకేసింది.

"ఒరేయ్ తమ్మీ! ఎన్కకు పెట్టు!"

హాలు సద్దుమణిగి ఆమె వైపు తిరిగింది. "తమ్మి అంటరా! ఆపరేటర్ గీమె తమ్ముడంట!" అని ఎవరో అన్నారు. పక్కనున్న పెద్దావిడ కూడా లేచింది. "ఇను పిలగా! కడుపుతోని ఉన్న మనిషి ఎంత మొత్తుకుంటున్నది! ఎన్కకు పెట్టు!" ఆ తర్వాత బాల్కనీలో ఆడవాళ్లందరూ లేచారు. కింద మగవాళ్లు ఈలలు వేశారు. బోర్డు చూపించి ఆపబోయిన గేటు అన్న కూడా తలుపు దగ్గర నిలబడి "పెట్టవయ్యా" అంటున్నాడు. అప్పుడే తలుపు తోసుకుని కార్బన్ తాత వచ్చాడు. చొక్కా మీద చాయ్ మరక. గోడకు అతికించిన నా పట్టికను పై నుంచి కింది దాకా, రెండు గీతల దాకా చదివాడు.

"ఎవరామె?"

"మా అక్క. రెండేండ్ల కింద పాప... పుట్టంగనే పోయింది తాతా. సూపియ్యలే ఆమెకు. మల్ల ఇది సూస్తే ఏమైతదో అని..."

తాత తిడతాడనుకున్నాను. తిట్టలేదు. యంత్రం ముందుకు వచ్చి, బొమ్మను వెనక్కి పెడుతూ అన్నాడు, "నేను ముప్పై ఐదేండ్ల సంది ఈ కిటికీల కెళ్లి మంది వీపులు సూస్తున్న బేటా. ఎవరు దేనికి వస్తరో మనకేం తెలుస్తది? ఆడించుడే మన పని, కోసుడు గాదు." మీట ఆరు మీదే ఉందని చూసుకుని, దాని మీదికి పోబోతున్న నా చేతిని పక్కకు తీసేశాడు.

ఆ ఘట్టం ఇరవై ఎనిమిది సార్లకు పైగా చూసినవాణ్ని, ఆ రోజే మొదటిసారి చూశాను. దయ్యం గుమ్మంలో నిలబడి ఉంటుంది, లోపలికి రాదు. అప్పటిదాకా దాన్ని చూసి కేకలు పెట్టిన అమ్మాయి, పురిటి నీరసంతోనే చెయ్యి చాచి, తన బిడ్డ మొహం మీది గుడ్డ తీసి చూపిస్తుంది. దయ్యం వంగి చూస్తుంది. చాలాసేపు చూస్తుంది. అంతే, ఇంకేమీ జరగదు. ఉయ్యాల ఆగుతుంది. హాల్లో మూడొందల మంది ఉన్నారు, ముక్కులు చీదుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. అక్క రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ పెద్దావిడ ఆమెను ఒళ్లోకి లాక్కుని తనూ ఏడుస్తోంది, ఎందుకో ఆమెకే తెలియాలి. ఊకో అని మాత్రం అనలేదు. అంత దూరం నుంచి కూడా నాకు ఆ సంగతి తెలిసింది.

ఐదున్నరకు బోధన్ బస్సు ఎక్కాం. అక్క కళ్లు ఉబ్బి ఉన్నాయి, మొహం మాత్రం తేటగా ఉంది. సారంగపూర్ దగ్గర చెరుకు ట్రాక్టరు వెనక మా బస్సు చిక్కుకుని నడక వేగంతో పోతోంది. కిటికీ పక్కన కూర్చున్న అక్క నా వైపు తిరక్కుండానే అడిగింది.

"నీ ఒళ్లనే గదా వచ్చింది. ఎట్లుండె రా?"

చెయ్యి అలవాటుగా జేబు దగ్గరికి పోయింది. అక్కడే ఆపాను.

"మొఖం సూడలేదక్కా. గుడ్డ తీసెటందుకు భయమైంది. ఒక్కసారి గూడ తియ్యలే." రెండేళ్లుగా అడగాలని తిరిగిన మనిషికి నేను ఇచ్చిన జవాబు అదీ. ట్రాక్టరు మీది నుంచి ఒక చెరుకు గడ జారి రోడ్డు మీద పడింది, బస్సు దాన్ని తొక్కుకుంటూ పోయింది. అప్పుడు చెప్పాను. "గీడనే, గుంతల పడ్డది ఆటో. గుడ్డల కెళ్లి చెయ్యి బయిటికొచ్చింది. కుడి చెయ్యి."

అక్క ఇటు తిరిగింది. "మల్ల?"

"లోపలికి పెడ్దామని పట్టుకున్న. పెట్టబుద్ధి గాలె. ఎడపల్లి దాంక పట్టుకోనే ఉన్న."

"ఏళ్లు?"

"ఐదు. లెక్కవెట్టిన."

"నువ్వు లెక్కవెట్టకుంటవా!" అంది. నవ్వు వచ్చి, ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయింది.

"గోర్లు గూడ ఉండె అక్కా. పెద్దగ. కత్తిరియ్యాలె అన్నట్టు ఉండె."

"ఎంతుండె చెయ్యి?"

నా చూపుడువేలు చాచి, రెండో గీత దగ్గర బొటనవేలు గోరుతో గుర్తు పెట్టి చూపించాను. అక్క ఆ వేలిని, సరిగ్గా ఆ గీత దాకా, తన పిడికిట్లోకి తీసుకుంది. ముందు సీటు ఆయన వెనక్కి తిరిగి చూసి, మర్యాదగా మళ్లీ ముందుకు తిరిగాడు.

"సల్లగుండెనా?" అని అడిగింది.

"లేదు. గుడ్డల ఉండె గదా. ఎచ్చగనే ఉండె."

(ఇది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. నా జీవితంలో కొలవకుండా చెప్పిన ఒకే ఒక్క సంగతి.)

"ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే."

"నువ్వు అడగనిచ్చినవా?"

కండక్టరు వచ్చి భుజం తట్టేదాకా ఎడపల్లి ఎప్పుడు దాటిపోయిందో ఇద్దరికీ తెలియలేదు. ఆ దారిలో తిరిగే బస్సులన్నిటి టైములూ నోటికి వచ్చిన నేను, మా ఊరు దాటి బోధన్ బస్టాండులో దిగాను. అక్క చెరుకు రసం బండి దగ్గర రెండు గ్లాసులు ఆగకుండా తాగి, మూడోది నా చేతిలోంచి లాక్కుంది. "దీనికి ఆకలైతున్నది" అని కడుపు మీద కొట్టుకుంది. ఇల్లు చేరేసరికి అవ్వ వాకిట్లోనే నిలబడి ఉంది. అక్క కళ్లు చూసి, "ఏడ్సినవా?" అంది.

"ఆ, ఏడ్సిన."

"ఏమైందని? డాక్టరమ్మ ఏమన్న అన్నదా?"

"డాక్టరమ్మ మంచిగున్నదన్నది. నా పెద్దబిడ్డ యాదికొచ్చింది. ఏడ్సిన."

అవ్వ నోరు తెరిచింది. ఊకో అనే మాట పెదవి దాకా వచ్చినట్టే ఉంది. వెనక్కి తిరిగి లోపలికి పోయి పళ్లెంలో అన్నం పెట్టింది. ఆ రాత్రి వాకిట్లో బీడీల చాట అలాగే గుడ్డ కప్పకుండా ఉండిపోయింది, నేను లోపల పెట్టాను.

రెండు నెలలకు అక్కకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే దవాఖాన అదిరేలా ఏడ్చింది. నర్సు బిడ్డను తుడిచి తెస్తుంటే, మొట్టమొదట అక్క చేతికే ఇవ్వమని అడ్డుపడి చెప్పింది అవ్వ. ఆ పిల్లకు ఏడాది నిండబోతుండగా ఒక రోజు ఇంటింటి సర్వే అని ట్యాబ్ పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. అక్క లోపల పిల్లకు అన్నం తినిపిస్తోంది. నేను వాకిట్లో మోటార్ స్టార్టర్ డబ్బా విప్పుకుని కూర్చున్నాను. "మీ బిడ్డకు పిల్లలెంతమందమ్మా?" అని ఆ అమ్మాయి అడిగింది. అవ్వ బీడీకి దారం చుడుతూ, తల ఎత్తకుండా, "ఇద్దరు రాస్కో బిడ్డా" అంది. ఆ అమ్మాయి ఇంట్లోకి తొంగి చూసి, "ఒక్కతే కనవడ్తున్నది. పెద్దపిల్ల ఏది?" అంది.

"పెద్దది కాలువ గట్టుకాడ ఉన్నది" అంది అవ్వ.

లోపల గిన్నె మీద చెంచా చప్పుడు ఆగింది. ఆ అమ్మాయికి ఏం రాయాలో తోచక నా వైపు చూసింది. నేను తల వంచుకుని స్క్రూలు ఊడదీస్తూనే ఉన్నాను, ఏది ఎక్కడిదో కాగితం మీద గుర్తు పెట్టుకోకుండా, చేతికి అందినదల్లా. సాయంత్రం మళ్లీ బిగించేసరికి మూడు మిగిలాయి. ఎక్కడివో ఎంత ఆలోచించినా తేలలేదు. పట్టికలు గీసే ఆ పాలిటెక్నిక్ కుర్రాడు చూస్తే ఎంత సిగ్గుపడేవాడో అని ఇప్పటికీ నవ్వొస్తుంది. స్టార్టర్ మాత్రం బాగానే నడుస్తోంది.